సచికో గారిచ్చిన సీసా

మొన్న ఆదివారం పొద్దున మా అమ్మాయి మేఘన, ఇక్కడ అమెరికాలోనే ఉన్న ఆష్‌బర్న్ నుంచి ఫోన్ చేసింది. దానికిప్పుడు ఏడో నెల. ఈ మధ్య తీపి మీదికి మనసు పోతోందట, ఏదో జపాన్ మిఠాయి చేసుకుందామని ఇంటర్నెట్‌లో రెసిపీ తెరిచిందట. "అమ్మా, ఇందులో మిజుఅమే అని ఉంది. ఏంటో స్టార్చ్ సిరప్ లాంటిది అంటున్నారు. అసలు ఆ వర్డ్‌కి మీనింగ్ ఏంటో," అంది. నేను అరోరాలో మా వంటింట్లో నిలబడి కొత్తిమీర తుంచుకుంటున్నాను. ఆలోచించకుండానే అనేశాను, "మిజు అంటే నీళ్ళు, అమే అంటే మిఠాయి, బియ్యంతో చేస్తారు" అని. "వెయిట్. నీకెలా తెలుసు? నువ్వు జాపనీస్ ఎప్పుడు నేర్చుకున్నావ్?" అని అడిగింది. ఎక్కడో విన్నాన్లే అని నసిగి, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని చెప్పి ఫోన్ పెట్టేశాను. పొయ్యి మీద పాలూ లేవు, నా పిండాకూడూ లేదు. చేతిలో కొత్తిమీర కాడలతో సహా నలిగి ముద్దయింది. ముప్పై ఏళ్ళు దాటినా ఆ మాట నన్ను ఇంకా ఇలా పట్టుకుంటుందని నాకే తెలియదు.

జపాన్ భాషలో నాకు వచ్చిన మాట అదొక్కటే. దాన్ని ఒక మంగళవారం నాడు పొద్దున పదింటి నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నేర్చుకున్నాను. ఆ రోజు గురించి మా ఇంట్లో అందరికీ తెలుసు. మా అమ్మ చెప్పీ చెప్పీ అదొక నవ్వులాట కథ అయి కూర్చుంది, అందులో ఈ జపాన్ మాట మాత్రం ఎప్పుడూ రాలేదు. కానీ ఆ కథలో ఒక ముక్క తప్పు. ఆ తప్పు ముక్క నాకు తెలుసు, నేనెప్పుడూ దిద్దలేదు. అమ్మ పోయి రెండేళ్ళయింది. ఇప్పుడైనా దిద్దకపోతే నా అంత సిగ్గులేని మనిషి ఉండదు.

అప్పట్లో మేం ఈ ఊళ్ళోనే, రైలు పట్టాలకు అవతల, చెక్క మెట్లున్న రెండంతస్తుల అపార్ట్‌మెంట్‌లో పైన ఉండేవాళ్ళం. మా ఆయన్ని కంపెనీ వాళ్ళు వేరే రాష్ట్రంలో ప్రాజెక్ట్‌కి పంపారు. ఆదివారం సాయంత్రం వెళ్తే మళ్ళీ శుక్రవారం రావడం. నాకు డ్రైవింగ్ రాదు. బయట మోకాలి లోతు మంచు. మేఘన పుట్టే సమయానికి, పురుడు పొయ్యడానికి తెనాలి నుంచి అమ్మ వచ్చింది. మొదటిసారి విమానమెక్కిన మనిషి రెండు పెట్టెల నిండా ఆముదం, సాంబ్రాణి, వాము, శొంఠి, బాలింత కాయం, వసకొమ్ము, నన్ను పెంచిన వెండి ఉగ్గుగిన్నె తెచ్చుకుని, చోటు చాలక తన చీరలు నాలుగే పెట్టుకుంది. తనకు షుగరు. ఆ మాత్రలు మాత్రం చేతి సంచిలో ఒక మూల పడేసుకు వచ్చింది. వచ్చిన మర్నాటి నుంచి మా ఇల్లు ఇల్లులా కాక పురిటి గదిలా వాసన కొట్టడం మొదలైంది. కార్పెట్‌లోకి వాము వాసన, కర్టెన్లలోకి ఆముదం వాసన. ఎవరైనా తెల్లవాళ్ళు వస్తే ఏమనుకుంటారోనని నాకు ఒకటే నామోషీ. అప్పుడు నాకు ఇరవై ఐదేళ్ళు, ఆ వయసులో నాకు నామోషీ కానిది ఏదీ ఉండేది కాదు.

అమ్మ పొద్దున్నే పాపకు నలుగు పెట్టి, బాత్‌టబ్‌లో తన కాళ్ళు చాపుకుని కూర్చుని, ఆ కాళ్ళ మీద దాన్ని పడుకోబెట్టుకుని నీళ్ళు పోసేది. "ఈ తొట్టి కట్టినవాడెవడో పురుళ్ళు పోసినవాడేనే," అనేది. నీళ్ళయ్యాక సాంబ్రాణి. మా ఆయన షాపు నుంచి తెచ్చిచ్చిన గ్రిల్ బొగ్గుల్ని ఎలక్ట్రిక్ పొయ్యి మీద కణకణలాడించి, మూకుట్లో వేసి పొగ పెట్టింది మొదటి రోజు. అంతే, సీలింగ్ మీది పొగ అలారం కొంపలంటుకున్నట్టు కూయడం మొదలుపెట్టింది. పాప ఏడుపు, అలారం కూత, అమ్మ "ఓరి నాయనో, ఇదేం రోగమే" అంటూ విసనకర్రతో పరుగులు. తలుపు ఎవరో తట్టారు. చూస్తే కింది వాటాలో ఉండే జపాన్ ఆవిడ, చీపురు పట్టుకుని నిలబడి ఉంది. చీపురు కర్రతో అలారం బొత్తం నొక్కి, దాని నోరు మూయించి, మూకుడు వంక చూసి, కళ్ళు మూసుకుని పొగ పీల్చి, "గుడ్ స్మెల్," అంది. అమ్మకు ఇంగ్లీషు రాదు గానీ ఆ ముఖం అర్థమైంది. ఆ క్షణం నుంచి సచికో గారు అమ్మకు సొంత మనిషి.

సచికో గారికి అరవై దాటి ఉంటాయి. భర్త పోయాడు. దగ్గర్లో ఒక స్కూల్ క్యాంటీన్‌లో పని, పొద్దున ఏడింటికి వెళ్తే మూడున్నరకు వచ్చేది. ఆవిడకు వచ్చిన ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా ఉండేది, అమ్మకు అసలు రాదు. అయినా ఇద్దరూ మెట్ల దగ్గర నిలబడి గంట సేపు మాట్లాడుకునేవాళ్ళు. ఏం మాట్లాడుకున్నారని అడిగితే అమ్మ, "ఆవిడ మోకాళ్ళ నొప్పులు," అని చెప్పేది. ఎలా తెలిసిందో నాకిప్పటికీ తెలియదు. ఒకరోజు అమ్మ సున్నుండలు చేసి, పచ్చడి సీసా కడిగి అందులో పెట్టి ఆవిడకిచ్చింది. నాలుగు రోజుల తర్వాత ఆవిడ ఆ సీసాను ఖాళీగా ఇవ్వకుండా ఏదో నింపి తెచ్చింది. గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదని మనకే అనుకున్నాను, వాళ్ళకూ ఉందన్నమాట. తలుపు తీసింది నేను. లోపల పాప గుక్కపట్టి ఏడుస్తోంది. "స్వీట్. ఫర్ మామా," అంది సచికో గారు. థాంక్యూ థాంక్యూ అని తలుపు వేసేశాను. సీసాలో చిక్కగా, బంగారు రంగులో, పక్కకు వంచితే మెల్లగా కదిలే పాకం. మీద అతికించిన చిన్న కాగితం ముక్క మీద సిరాతో రాసిన జపాన్ అక్షరాలు. "ఏంటే అది?" అని లోపలి నుంచి అడిగింది అమ్మ. "తేనె ఇచ్చిందమ్మా," అన్నాను. అది తేనె అని నాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. రంగు చూసి నేనే పేరు పెట్టేశాను. అలమారాలో పెట్టి తలుపేశాను.

హాస్పిటల్ నుంచి వచ్చేటప్పుడు నా చేతికి ఒక కట్ట కాగితాలు ఇచ్చారు. బొడ్డు ఎలా తుడవాలి, జ్వరం ఎలా చూడాలి, ఎలా పడుకోబెట్టాలి, అన్నీ. అందులో ఒక చోట పెట్టె కట్టి రాశారు, సంవత్సరం నిండేదాకా పిల్లలకు తేనె పెట్టకూడదని. తేనెలో ఉండే ఏదో క్రిమి పసిపిల్లల పేగుల్లో విషం పుట్టిస్తుందట. పెట్టిన రోజే తెలియకపోవచ్చట. ముందు కనురెప్పలు వాలతాయి, ఏడుపు సన్నబడుతుంది, పాలు పీల్చే సత్తువ పోతుంది, ఒళ్ళు వడలిన తోటకూర కాడలా అయిపోతుంది, ఆఖరికి ఊపిరి. చదివి గుండెలు బాదుకున్నాను. ఆ కాగితాలు వంటింటి సొరుగులో పెట్టాను.

ఇరవై ఒకటో రోజు బారసాల చెయ్యాలని అమ్మ పట్టుబట్టింది. అది మంగళవారం పడింది. మంగళవారమేమిటమ్మా అంటే, పరదేశంలో వారాలు పట్టవంది. ఆయనకు సెలవు దొరకలేదు. సరే, బియ్యంలో పేరు రాసి మమ అనిపిద్దాం అనుకున్నాం. నేను తలంటుకోవడానికి వెళ్ళాను. తువ్వాలు తలకు చుట్టుకుని బయటికి వచ్చేసరికి అమ్మ హాల్లో కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది, పాప కాళ్ళ మీద ఉంది. పక్కన బోర్లించిన కాఫీ కప్పు. సానరాయి లేక, కప్పు అడుగున గరుకుగా ఉండే అంచు మీద వసకొమ్ము అరగదీసింది. పాప నాలుక బయటపెట్టి చప్పరిస్తోంది.

"వస రాశానే రాజీ. ఎంత ఇష్టంగా చప్పరించిందో చూడు. ఇహ దీని నోటికి అడ్డుండదు," అంది అమ్మ మురిసిపోతూ.

"దేంతో రాశావు?"

"తేనెతో. ఆవిడిచ్చిందన్నావుగా."

తర్వాత ఏం చేశానో క్రమంగా గుర్తులేదు. పాపను అమ్మ కాళ్ళ మీది నుంచి లాక్కున్నాను. తడి బట్ట వేలికి చుట్టి దాని నాలుక తుడిచాను, అది ఓకరించుకుంది, ఏడ్చింది. ఆ ఏడుపు ఎప్పటిలాగే ఉందా, సన్నబడిందా అని విన్నాను. అలా వింటూనే అరిచాను. నా నోరు మంచిది కాదు, ఇది నేను చెప్పక్కర్లేదు, నన్నెరిగినవాళ్ళందరికీ తెలుసు. కానీ ఆ రోజు అన్నంతటి మాటలు ఎప్పుడూ అనలేదు. "నీకసలు బుద్ధుందా? తేనె విషం, పసిపిల్లలకు తేనె పెట్టకూడదని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పానా లేదా? మీ మొద్దు అలవాట్లు నా బిడ్డ మీద రుద్దుతావా? దీనికేమన్నా అయితే జన్మలో నీ మొహం చూడను!"

అమ్మ నోరు తెరిచి, "తేనె అమృతం కదే, నీకూ అన్నయ్యకూ కూడా..." అని ఆగిపోయింది. నా ముఖం చూసి ఏమర్థమైందో, "చెప్పే ఉంటావమ్మా. నేనే మర్చిపోయి ఉంటాను. ముసలిదాన్నయ్యాను," అంది. అప్పుడు తనకు యాభై మూడు.

డాక్టర్ ఆఫీసుకి ఫోన్ చేశాను. నర్సు ఎత్తింది. ఎన్ని రోజుల పిల్ల, ఎంత పెట్టారు, ఏ తేనె, కొన్నదా ఇంట్లోదా, లేబుల్ మీద ఏముంది. లేబుల్ జపాన్ భాషలో ఉంది, నాకు చదవడం రాదన్నాను. ఆ తర్వాత నర్సు, "ఇంట్లో పెద్దవాళ్ళకు తేనె సంగతి చెప్పారా?" అని అడిగింది, కాగితంలో నింపుకోవడానికి కాబోలు. "చెప్పాను," అన్నాను. అలా అంటున్నప్పుడే నాకు గుర్తొచ్చింది. చెప్పలేదు. పక్కలో బోర్లా పడుకోబెట్టొద్దని చెప్పాను, గ్లిసరిన్ రాయొద్దని చెప్పాను, సాంబ్రాణి ఎక్కువ వెయ్యొద్దని పోట్లాడాను. పెట్టె కట్టి రాసిన ఆ ఒక్క మాట మాత్రం చెప్పలేదు. పడకలో పడి ఉన్న బాలింతరాలిని, ఏదో మర్చిపోయాను, అది నేరం కాదు. నేరమేమిటంటే, గుర్తొచ్చాక కూడా నోరు విప్పలేదు. ఫోన్ పక్కనే నిలబడి ఉన్న అమ్మ ముఖం చూశాను, చూసి తల తిప్పుకున్నాను. అంత భయంలో తప్పు ఇంకొకరిదైతే నాకు కాస్త ఊపిరాడింది. ఇంతకంటే అందంగా చెప్పడం నాకు చేతకాదు.

నర్సు కంగారు పెట్టలేదు, ధైర్యమూ చెప్పలేదు. డాక్టరు మధ్యాహ్నం దాకా ఉండడు, ఈలోపు రెప్పలు, ఏడుపు, పాలు చూస్తూ ఉండండి, ఏమాత్రం తేడా ఉన్నా అంబులెన్స్ పిలవండి, సీసాలో ఉన్నదేమిటో కనుక్కోండి అంది. ఎవర్ని కనుక్కోవాలి? సచికో గారు మూడున్నరకు గాని రాదు. ఏ స్కూలో పేరు తెలియదు. ఆయన ఆఫీసుకి చేస్తే మీటింగ్‌లో ఉన్నాడన్నారు, చెప్పమని పెట్టేశాను. ఆ కాగితం ముక్క మీది అక్షరాల్ని కళ్ళు నొప్పి పుట్టేలా చూశాను. పిల్ల ప్రాణం సంగతి ఆ నాలుగు గీతల్లో రాసి ఉంది, నా ఎం.ఏ. డిగ్రీ అక్కడ ఎందుకూ పనికిరాలేదు.

ఇక చూడటం మొదలైంది. పది నిమిషాలకోసారి పాపను రొమ్ముకు పట్టాను. అప్పుడే తాగిన పిల్ల మళ్ళీ ఎందుకు తాగుతుంది? ముఖం తిప్పుకుంది. పీల్చే సత్తువ పోయిందనుకున్నాను. నిద్రపోతే రెప్పలు వాలాయనుకున్నాను. నిద్రపోయే పిల్ల రెప్పలు వాలకపోతే ఏమవుతాయి, ఆ ఇంగితం కూడా లేదు. అరికాలు గిల్లి లేపాను, ఏడుపు గట్టిగా ఉందో లేదో చూడటానికి. దాని కాలు ఎర్రగా కందిపోయింది. అది ఏడిస్తే నాకు ప్రాణం లేచొచ్చేది, ఊరుకుంటే ప్రాణం పోయేది. కిటికీ బయట మంచు తెల్లగా మెరుస్తోంది, ఒక్క మనిషి లేడు. అమ్మ ఒకసారి దగ్గరికొచ్చి, "ఒక్కసారి ఎత్తుకోనా?" అని అడిగింది. "ముట్టుకోకు," అన్నాను. పాప పుట్టగానే దాన్ని మొదట ఎత్తుకున్న చేతులవి. ఆ తర్వాత అమ్మ నా కంట పడలేదు. వంటింట్లో చిన్న చప్పుళ్ళు వినబడ్డాయి, తర్వాత అవీ ఆగిపోయాయి. నేను పట్టించుకోలేదు. పొయ్యి వెలగలేదు, మేమిద్దరం అన్నం తినలేదు, బియ్యంలో రాయాల్సిన పేరు రాయలేదు.

కింద కారు ఆగిన చప్పుడు వినగానే పాపను దుప్పట్లో చుట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా ఆ చెక్క మెట్లు దిగి మంచులోకి పరిగెత్తాను. సచికో గారు కారు తలుపు వేస్తోంది. నా కాళ్ళ వంక చూసి హడలిపోయింది. "ఆ సీసా! అందులో ఏముంది? అది తేనేనా?" అని ఇంగ్లీషులో అరిచాను.

"మిజుఅమే," అంది.

"హనీ?"

"నో హనీ." నన్ను భుజం పట్టుకుని తన ఇంట్లోకి నడిపించి, హీటర్ దగ్గర కూర్చోబెట్టి, తన మేజోళ్ళు తెచ్చి నా కాళ్ళకు తొడిగింది. అప్పుడు మెల్లగా చెప్పింది. "మిజు, వాటర్. అమే, క్యాండీ. రైస్. నో బీ." తేనెటీగ ఎగురుతున్నట్టు వేళ్ళు ఆడించి, లేదు లేదు అని తల ఊపింది. అలమారా తెరిచి మొలకలెత్తి ఎండిన బార్లీ గింజలు చూపించింది. అన్నం వండి, ఈ గింజల పొడి కలిపి, వెచ్చగా ఒక పూట ఉంచితే అన్నంలోని పిండి తియ్యగా మారిపోతుందట. వడగట్టి, ఆ నీళ్ళను ఇంకా ఇంకా మరిగిస్తే పాకం. తన చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో పంచదార దొరికేది కాదట. వాళ్ళమ్మ ఇదే చేసి, రెండు పుల్లలకు చుట్టి ఇచ్చేదట, దాన్ని తెల్లబడేదాకా తిప్పి తిప్పి తినేవాళ్ళట. బాలింతకు బలమని నా కోసం చేసింది. "నీకు. బేబీకి కాదు," అంది. ఆవిడ తలుపు దగ్గర చెప్పింది అదే, నేను వినిపించుకోకుండా తలుపేశాను. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఆవిడ ఒళ్ళో తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాను. పాప ఆ హడావిడికి లేచి, ఆకలేసిందేమో, చెవులు చిల్లులు పడేలా అందుకుంది.

అమ్మకు చెప్పాలని ఇద్దరం పైకి వచ్చాం. హాల్లో లేదు, వంటింట్లో లేదు. సీసా కూడా లేదు. బాత్‌రూమ్ తలుపు ఓరగా ఉంది. అమ్మ టబ్ అంచు మీద కూర్చుని ఉంది. ఒళ్ళో సీసా, చేతిలో చెంచా. సీసాలో అడుగున రెండు వేళ్ళంత మిగిలింది. పెదాలు తడారిపోయి ఉన్నాయి, కళ్ళు ఒక చోట నిలవడం లేదు.

"ఏం చేస్తున్నావమ్మా!"

"పిల్లకు వేలికొసంత పెట్టానే," అంది, మాట ముద్దగా వస్తోంది. "సీసాడూ నేను తింటే, ఉన్నదేదో ముందు నాకే బయటపడాలి కదా. అప్పుడు నువ్వు డాక్టరుకు చెప్పొచ్చు, ఇలా ఇలా వచ్చిందని. పిల్లకు ముందే మందు పడుతుంది."

షుగరు మనిషి, పొద్దుటి నుంచి అన్నం లేదు, మాత్ర వేసుకోలేదు, సీసాడు పాకం తినేసింది. పొద్దుటి నుంచి నేను పడిన భయం ఒక ఎత్తు, ఆ నిమిషంలో పడింది ఒక ఎత్తు. సచికో గారు కిందికి వెళ్ళి, పోయిన భర్త వాడిన షుగర్ మీటర్ తెచ్చింది. అమ్మ వేలు గుచ్చి, నంబర్ చూసి, కారు తాళాలు తీసింది. పిల్లను నేను ఎత్తుకుని, అమ్మను ఆవిడ నడిపించుకుని ఆసుపత్రికి వెళ్ళాం. సెలైన్ ఎక్కించి, రాత్రి పొద్దుపోయేదాకా ఉంచి పంపారు. పాపనూ చూశారు. బియ్యం పాకమని చెబితే, అయితే భయం లేదు గానీ కొన్నాళ్ళు కనిపెట్టి ఉండండన్నారు. ఆ కొన్నాళ్ళు నేను పిల్ల రెప్పల్ని తప్ప లోకంలో దేన్నీ చూడలేదు. ఇంటికొచ్చేటప్పుడు కారులో వెనక సీట్లో అమ్మ నా భుజం మీద తల వాల్చుకుని కూర్చుంది. అప్పుడు చెప్పి ఉండొచ్చు. పాపను తన ఒళ్ళో పెట్టాను, అంతకు మించి నా వల్ల కాలేదు.

మేఘన నాకు ఈ మధ్య ఒక డాక్యుమెంట్ పంపింది. నేను పురుడు పొయ్యడానికి వెళ్తున్నానుగా, దానికి రూల్స్. టీకాలు వేయించుకోవాలి, ముఖం మీద ముద్దు పెట్టకూడదు, నీళ్ళు తాగించకూడదు, తేనె వద్దు. ఒక్కోదాని పక్కన చిన్న గడి, చదివినట్టు టిక్ పెట్టాలి. మా ఆయన, "నీ కూతురు నిన్ను ఉద్యోగంలో పెట్టుకుంటోందే," అని పకపకా నవ్వాడు. నాకు కోపం రాలేదు, అది నాకు తగిందే. మూడుసార్లు చదివి టిక్ పెట్టాను. మా అమ్మకు ఏ గడీ లేదు, నా నోరే గడి, అది సమయానికి తెరుచుకోలేదు. ఇవాళైతే ఫోన్ ఆ లేబుల్‌కి ఎదురుగా పెడితే రెండు క్షణాల్లో నీళ్ళ మిఠాయి అని చెప్పేది, ఇంత కథ ఉండేది కాదు. కానీ భయాలు తగ్గాయా అంటే, మేఘన రోజూ ఏదో ఒకటి చదివి ఫోన్ చేసి ఏడుస్తూనే ఉంటుంది. మాకు ఒక కాగితం ఉండేది, దీనికి అంతులేదు. మేఘనకు తెలుగు మాట్లాడటమే గాని చదవడం రాదు. ఇది ఇలా ధైర్యంగా రాయగలుగుతున్నానంటే అందుకేనేమోనని నా మీద నాకే అనుమానం.

అమ్మ తర్వాత రెండుసార్లు వచ్చింది. సచికో గారు అప్పటికి కొడుకు దగ్గరికి వెళ్ళిపోయింది. రెండోసారి వచ్చింది మేఘన కాలేజీ చదువు పూర్తయినప్పుడు. ఇంటి నిండా జనం. అమ్మ సోఫాలో కూర్చుని, చుట్టూ చేరిన ఆంటీలకు ఆ కథ చెప్పింది. "మా రాజీ పాపం చెబుతూనే ఉంది, అమ్మా తేనె వద్దే, తేనె వద్దే అని. నేను వింటేనా! మొద్దుదాన్ని. ఆఖరికి అది తేనే కాదు, అన్నం పాకం, దాన్ని నేనే సీసాడు మింగి ఆసుపత్రిలో పడ్డాను!" అందరూ పడీ పడీ నవ్వారు. మేఘన వాళ్ళ అమ్మమ్మ మెడ చుట్టూ చేతులు వేసి, "అమ్మమ్మా, యూ ఆర్ క్రేజీ," అని ముద్దు పెట్టుకుంది. నేను ప్లేట్లు ఎత్తుకుంటూ నవ్వాను. అప్పటికి ఇరవై రెండేళ్ళుగా అలాగే నవ్వుతున్నాను.

అందరూ వెళ్ళాక వంటింట్లో నేను గిన్నెలు కడుగుతున్నాను, అమ్మ తుడుస్తోంది. మేఘన పక్క గదిలో గిఫ్టులు విప్పుకుంటోంది. కుళాయి కట్టేశాను.

"అమ్మా, ఆ రోజు నేను నీకు చెప్పలేదు. తేనె వద్దని అసలు చెప్పనే లేదు. నీ తప్పేం లేదు."

అమ్మ తుడుస్తున్న గిన్నెను ఒకసారి ఇటూ అటూ తిప్పి చూసింది.

"చెప్పావే. నాకు బాగా గుర్తు. నేను చారుకు పోపు వేస్తుంటే వచ్చి చెప్పావు, చప్పుడులో నేనే సరిగ్గా వినిపించుకోలేదు," అంది.

"లేదమ్మా..."

అమ్మ పక్క గది తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది.

"ఊరుకోవే. ఇంకెప్పుడూ ఆ మాట అనకు. పిల్ల వింటే నిన్నేమనుకుంటుంది?"